మన కనుమకు గౌతముడి ఆవు ఉంది

మన తెలుగు సంఘం సంక్రాంతి సంబరాల ఆహ్వానపత్రికల్లో ఏటా ఒక పేరా కనిపిస్తుంది. సూర్యుడు మకరరాశిలో అడుగుపెడతాడు, ఉత్తరాయణ పుణ్యకాలం మొదలవుతుంది, చెడు మీద మంచి గెలిచిన పండగ ఇది. మొదటి రెండు మాటలూ సరే. మూడోది దసరా పత్రిక నుంచో దీపావళి పత్రిక నుంచో వచ్చి చేరింది. దసరాకి మహిషుడున్నాడు, దీపావళికి నరకుడున్నాడు. సంక్రాంతికి ఎవరున్నారు? మన ఆదివారం తెలుగు బడిలో ఒక పిల్ల సూటిగానే అడిగింది: "కనుమ నాడు ఎవర్ని చంపారండీ?" ఎవర్నీ చంపలేదమ్మా అన్నాను. "మరి పండగెందుకు?" అంది. ఆ పిల్లకి పెద్దవాళ్ళం సరైన జవాబు బాకీ ఉన్నాం.

జవాబు లేనిచోట దొరికిన కథ వచ్చి కూర్చుంటుంది. కనుమ గురించి వాట్సాప్‌లో తిరిగేది నందీశ్వరుడి కథ. రోజూ తలంటుకోండి, నెలకోసారి తినండి అని మనుషులకి చెప్పి రమ్మని శివుడు పంపితే, నంది తారుమారు చేసి రోజూ తినమని చెప్పాడట. అంత తిండి పండాలంటే నాగలి నువ్వే లాగు అని శివుడు భూమ్మీదకి తోలేశాడట. తమిళులు మాట్టు పొంగల్‌కి చెప్పుకునే కథ ఇది. వాళ్ళ పండగకి అది అందం. మనం అరువు తెచ్చుకోవడంలోనూ తప్పేమీ లేదు. నా అభ్యంతరం వేరే. ఆ కథలో ఎద్దు శిక్ష అనుభవిస్తోంది. కనుమ నాడు మనవాళ్ళు ఎద్దుని కాలవలో కడిగి, కొమ్ములకి రంగు పూసి, మెడలో గంటల పట్టెడ కట్టి, నుదుట బొట్టు పెట్టి దండం పెడతారు. శిక్ష పడ్డవాడికి చేసే మర్యాద కాదది.

గోదావరి డెల్టాలో పుట్టినవాళ్ళం కథ కోసం అంత దూరం పోనక్కర్లేదు. మనం తాగి పెరిగిన నీళ్ళే ఒక ఆవు కథలోంచి వచ్చాయి.

శివపురాణంలో ఉంది, బ్రహ్మపురాణంలోని గౌతమీ మాహాత్మ్యంలోనూ ఉంది. వివరాల్లో తేడాలున్నా వెన్నెముక ఒకటే. శివపురాణం చెప్పే తీరు ఇదీ. ఏళ్ళ తరబడి వానల్లేవు. గౌతముడు వరుణుణ్ణి మెప్పించి తరగని నీటిగుంట ఒకటి సంపాదించుకున్నాడు. దాని కింద ధాన్యం పండించాడు. కరువుకి చెదిరిపోయిన మునులందరూ వచ్చి ఆయన పంచన చేరారు. తింటున్న చేతులే కొన్నాళ్ళకి ఆయన్ని వెళ్ళగొట్టే దారి వెతికాయి. వాళ్ళు వేడుకోగా వినాయకుడు ఇష్టం లేకపోయినా ఒప్పుకుని, ఎముకల గూడు లాంటి ఆవై గౌతముడి చేలో పడ్డాడు. ఆవు గింజ మేస్తోంది. గౌతముడు కర్ర ఎత్తలేదు, రాయి విసరలేదు. ఒక గడ్డిపోచ పట్టుకుని అదిలించాడు. అది తగలగానే ఆవు కూలిపోయింది. నిన్నటిదాకా ఆయన అన్నం తిన్నవాళ్ళు గోహంతకుడివి, మొహం చూపించకు అన్నారు. ఆ పాపం కడుక్కోవడానికి బ్రహ్మగిరి మీద ఆయన చేసిన తపస్సుకి శివుడు తలొగ్గి గంగని వదిలాడు. మహారాష్ట్రలోని త్ర్యంబకం దగ్గర గోదావరిగా పుట్టి 1,465 కిలోమీటర్లు నడిచి మన చేలలోకి వచ్చింది ఆ నీరే. కొవ్వూరు రేవులో గోష్పాద క్షేత్రం ఉంది. ఆ ఆవు అడుగు పడిన చోటు అది అని అక్కడివాళ్ళు చూపిస్తారు.

ఈ కథ నాకెందుకు ఇంత ఇష్టమంటే, ఇందులో రాక్షసుడు లేడు. కరువులో అన్నం పెట్టిన ఒక మంచి రైతు తన పంట మీద పడ్డ ఆవుని గడ్డిపోచతో అదిలించినందుకు బతుకంతా తల్లకిందులు చేసుకున్నాడు. పంట, పశువు, నీళ్ళు, శివుడు. కనుమలో ఉన్నవీ ఈ నాలుగే. ఇది కనుమ కథ అని ఏ పురాణమూ చెప్పలేదు, నేను చెబుతున్నాను. ఎందుకు చెబుతున్నానో తెలియాలంటే కనుమ నాడు జగ్గన్నతోటకి వెళ్ళాలి.

కోనసీమలో అంబాజీపేట మండలం మొసలపల్లి దగ్గర ఒక కొబ్బరితోట అది. అందులో గుడి లేదు. చుట్టుపక్కల పదకొండు ఊళ్ళ శివుళ్ళు వెదురు కమానుల్లాంటి ప్రభలెక్కి అక్కడికి వస్తారు. "కనుమ నాడు కాకైనా కదలదు" అని మన పెద్దవాళ్ళు ప్రయాణాలు కట్టిపెడతారు కదా, సరిగ్గా ఆ రోజునే దేవుళ్ళు గుళ్ళు వదిలి ఊళ్ళు దాటతారు. లోకక్షేమం గురించి మాట్లాడుకోవడానికి ఏడాదికోసారి కలుస్తారని అక్కడి నమ్మకం.

ఈ పదకొండుగురినీ ఏకాదశ రుద్రులంటారు. ఆ రుద్రుల పేర్లు ఒక్కో పురాణంలో ఒక్కోలా ఉంటాయి. బృహదారణ్యకోపనిషత్తులో యాజ్ఞవల్క్యుడు అసలు పేర్లే చెప్పడు. మనిషిలోని పది ప్రాణాలూ, పదకొండోదైన ఆత్మా, ఇవే రుద్రులంటాడు. కోనసీమ మాత్రం తన పదకొండుగురినీ ఊరి పేర్లతో సహా గుర్తు పెట్టుకుంది. వ్యాఘ్రేశ్వరం వ్యాఘ్రేశ్వరుడు, ఇరుసుమండ ఆనంద రామేశ్వరుడు, వక్కలంక విశ్వేశ్వరుడు, ముక్కామల రాఘవేశ్వరుడు, పెదపూడి మేనకేశ్వరుడు... గంగలకుర్రు, పాలగుమ్మి, నేదునూరు మూడు ఊళ్ళలోనూ చెన్నమల్లేశ్వరుడే. అయినా ఎవరి చెన్నమల్లేశ్వరుడు వాళ్ళకే. మొసలపల్లి భోగేశ్వరుడిది ఆతిథ్యం. ఇంటి యజమానిలా అందరికన్నా ముందొచ్చి అందర్నీ సాగనంపాక వెళతాడు. వ్యాఘ్రేశ్వరుడు తోటలోకి రాగానే మిగతా ప్రభలన్నీ ఒక్కసారి పైకి లేస్తాయి. పెద్దాయన వచ్చినప్పుడు అరుగు మీదవాళ్ళు లేచి నిలబడే మర్యాద దేవుళ్ళకీ ఉంది.

ప్రభ అంటే తెలియని పిల్లల కోసం చెబుతున్నాను. వెదురు బొంగులు వంచి కట్టిన పెద్ద కమాను. దాని నిండా రంగురంగుల కొత్తబట్టలు, గంటలు, నెమలి పింఛాలు, కొత్త వరి కంకులు. మధ్యలో స్వామి. దీన్ని మనుషులు భుజాల మీద మోస్తారు. గాలికి పక్కకి ఒరగకుండా కొందరు మోకులు పట్టుకుని ముందూ వెనకా నడుస్తారు. కోనసీమలో ఇంకా చాలా ఊళ్ళలో ప్రభల తీర్థాలు జరుగుతాయి, కానీ గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలు ఎగువ కౌశిక పాయ దాటడం లాంటిది నేనింకెక్కడా చూడలేదు. ఒకసారి గట్టు మీద, నీళ్ళకి బారెడు దూరంలో నిలబడి చూశాను. ముందువరస కుర్రాళ్ళు జారుతున్న బురదలో మడమలు గుచ్చి దిగారు. నడుందాకా వచ్చింది, గుండెల దాకా వచ్చింది, మెడ దాకా వచ్చింది. అప్పుడు ప్రభని భుజాల మీంచి చేతుల మీదకి ఎత్తారు. నీటి పైన కనిపిస్తున్నవి తలలూ, చాచిన చేతులూ, వాటి మీద ఊగుతున్న దేవుడూ. ఒక పక్క బరువు తగ్గితే మొత్తం నీళ్ళలోకే. "శరభా... అశ్శరభా..." అని కేకలు. అవతలి గట్టు మీద మోకు అందుకున్నవాడి అరచేతులు కమిలి ఎర్రబడిపోయాయి. దాటాక ఆ కుర్రాళ్ళ ముఖాలు చూడాలి మీరు! కౌశిక అంటే ఏదో మురుగు కాలవ అనుకోవద్దు. సప్త గోదావరుల్లో ఒకటి, విశ్వామిత్రుడి పేరు మీద ఉన్న పాయ. గౌతముడు తెచ్చిన నీళ్ళలోంచే శివుడు నడిచొస్తున్నాడన్నమాట.

ఇక గట్టెక్కిన ప్రభ పుంత దారి పట్టుకుని చుట్టూ తిరిగి పోదు. చేలకి అడ్డం పడుతుంది. సంక్రాంతి నాటికి సార్వా, అంటే తొలి పంట, ఇంటికొచ్చి రెండో పంట దాళ్వా ఊడ్పులు పడుతుంటాయి. పచ్చటి మడుల్లోంచి వందల పాదాలు నడిచిపోతాయి. చేను తొక్కారని రైతు తిట్టుకోడు. స్వామి నా చేలోంచి వెళ్ళాడు, ఈ ఏడు పంటకి ఢోకా లేదంటాడు. గౌతముడు తన చేలో పడ్డ ప్రాణిని ఒక గడ్డిపోచతో అదిలించాడు. ఆయన తెచ్చిన నీళ్ళతో బతుకుతున్న రైతు తన చేలో పడ్డ ఊరందరికీ చేతులు జోడిస్తున్నాడు. ఆ కథకీ ఈ పండగకీ ముడి అక్కడే పడుతుందని నా నమ్మకం.

వేదం చదువుకున్న అగ్రహారాల నేల కనక ఇంకో మాట. శివాభిషేకంలో నమకం తర్వాత చమకం చదువుతారు. కృష్ణ యజుర్వేదపు తైత్తిరీయ సంహితలోవి ఇవి, రెండిట్లోనూ పదకొండేసి అనువాకాలు, అంటే భాగాలు. ఆ చమకంలో భక్తుడు దేవుణ్ణి ఏమడుగుతాడో ఎప్పుడైనా విన్నారా? "వ్రీహయశ్చ మే", వడ్లు కావాలి. "మాషాశ్చ మే తిలాశ్చ మే", మినుములు కావాలి, నువ్వులు కావాలి. వ్యవసాయం కావాలి, వాన కావాలి, నాగలి కావాలి. పదో అనువాకంలో ఎద్దులూ పాడి ఆవులూ కావాలి. సంక్రాంతికి నువ్వులు, కనుమకి మినప గారెలు, పశువుల పూజ. మన పండగ మొత్తం ఆ వరసలోనే ఉంది. మోక్షం సంగతి తర్వాత, ముందు గాదె నిండనీ అని అడగడానికి ఆ ఋషి సిగ్గుపడలేదు. మన పిల్లలకి పండగ అర్థం చెప్పడానికి మనమెందుకు సిగ్గుపడి సూర్యగమనంతో సరిపెడతాం?

గోదావరి సంక్రాంతి అనగానే బయటి ఊళ్ళవాళ్ళకి కోడిపందేలే గుర్తొస్తాయి. టీవీల్లో మూడు రోజులూ అవే. 2023 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీలో ఆంధ్రప్రదేశ్ శకటంగా ప్రభల తీర్థమే నడిచింది. అయినా మన సంఘం సభ్యుల్లో బరులున్న ఊళ్ళ పేర్లు తెలిసినవాళ్ళే ఎక్కువ, జగ్గన్నతోట పేరు విన్నవాళ్ళు తక్కువ. ఇది నన్ను నిజంగా బాధపెడుతోంది.

అందుకని కార్యవర్గానికి నా విన్నపం. వచ్చే సంక్రాంతికి ముగ్గుల పోటీ, భోగిపళ్ళు, పాటలూ ఉండనివ్వండి. వాటితోపాటు కనుమని వెనక్కి తెచ్చుకుందాం. మన మహానగరం చుట్టూ తెలుగు సంఘాలు నాలుగైదు ఉన్నాయి, ఎవరి హాలు వాళ్ళది, ఎవరి వేదిక వాళ్ళది. ఒక్క ఆదివారం ఎవరి బ్యానరూ లేని పార్కులో కలుద్దాం. ఒక్కో సంఘం ఒక్కో ప్రభ కట్టుకుని రావాలి. పిలిచినవాళ్ళు ముందొచ్చి ఆఖరున వెళ్ళాలి. పాత సంఘం ప్రభ రాగానే మిగతావాళ్ళు తమ ప్రభల్ని ఎత్తాలి. పదిహేనేళ్ళు దాటిన పిల్లలకి మోసే పని అప్పగిద్దాం. చిన్నపిల్లలకి గౌతముడి కథ నాటకంగా నేర్పిద్దాం, ఆవు వేషానికి మా ఇంట్లోనే ఇద్దరు పోటీ పడుతున్నారు. చమకం చదవడానికి మన పురోహితుడు గారు ఒప్పుకున్నారు, ఒక్కో మాటకీ తెలుగులో అర్థం చెబుతానన్నారు. గారెల పిండి రుబ్బే బాధ్యత ఎవరిదో తేల్చాలి. వెదురు దొరికే చోటు కనుక్కున్నాను. ధనుర్మాసం మొదలయ్యేలోగా మాట ఇస్తే బొంగులు తెప్పిస్తాను.