కారుకు పళ్లు తోముతున్నాం

సంక్రాంతి వెళ్లిన వారంలో మా కోనసీమ కిరాణా కొట్లలో టూత్‌పేస్ట్ నిండుకుంటే ఎవరూ ఆశ్చర్యపోనక్కర్లేదు. అరిసెలు తిన్న పళ్లని జనం గట్టిగా తోముతున్నారనుకునేరు. తోమేది కార్లని.

హైదరాబాద్ నుంచి తళతళలాడే నల్లకారులో దిగిన అల్లుడుగారు పండగ మూడు రోజులూ దాన్ని కోడిపందేల బరి పక్కన, కోసిన చేలో నిలబెడతారు. కనుమ మర్నాడు చూసుకుంటే డోరు మీద మూరెడు గీత! కాలవ గట్టు మీద తుమ్మకొమ్మ గీసిందా, కొబ్బరికాయల ఆటో రాసుకుందా, నర్సాపురం రేవులో పంటు (బళ్లని గోదావరి దాటించే పడవ) ఎక్కించేటప్పుడు పక్క బండి తగిలిందా అన్నది తేలదు. తేలి మాత్రం చేసేదేముంది, వైద్యం ఒకటేగా.

వైద్యుడు బావమరిది. అర్హత, పళ్ల పేస్టుతో రుద్దితే కారు మీద గీత పోతుందని రాత్రి ఫోన్‌లో చూసిన వీడియో.

"ఆయ్, రెండు నిమిషాల పనండి బావగారూ, మీరు కుర్చీలో కూర్చోండి" అంటాడు. లోపల్నుంచి పేస్టు ట్యూబూ, మావగారి పాత బనీనూ వస్తాయి. అది పాతదైపోయిందని మావగారికి అప్పుడే తెలుస్తుంది. ముందు కారు కడగాలని ఏ ఒక్కరికీ తోచదు. చేలో దుమ్మూ ఇసకా అలాగే ఉండగా, వాటి మీదే గుండ్రంగా రుద్దుడు మొదలు. జెల్ పేస్టు పనికిరాదు, తెల్లదే కావాలని పిన్నత్తగారి అభ్యంతరం. గోడ మీంచి తల పెట్టి "అందులో ఉప్పుందా?" అని పక్కింటి మేస్టారి వాకబు. ఇంతలో ఎవరో కొబ్బరినూనె అంటారు. కోనసీమలో ఆ మాట అనకపోతే ఊరికే అవమానం. నూనె రాయగానే గీత మాయం! ఆడపడుచులు ఫోటోలు తీస్తారు, బావమరిదికి ఇంకో గ్లాసు కాఫీ వస్తుంది. మర్నాడు కడగ్గానే గీత తిరిగొస్తుంది, ఈసారి చుట్టూ సన్నటి గుండ్రటి గీతల బంధుబలగంతో సహా.

కారు మీద ఉన్నది ఒక పొర కాదు మహానుభావా. రేకు మీద ప్రైమర్, దాని మీద రంగు, అన్నిటికీ పైన రంగులేని క్లియర్ కోట్. ఆ పైపొర మందం చాలా కార్లలో 40–50 మైక్రాన్లు. మన తలవెంట్రుక మామూలుగా అంతకంటే లావు. పేస్టులో ఉండేది కాల్షియం కార్బొనేటో, సిలికానో, ఏదో ఒక గరుకు పొడి. అది గీతని పూడ్చదు, చుట్టూ ఉన్న పొరని అరగదీస్తుంది. అంచులు నునుపు తేలితే వెలుతురు చెదరదు కాబట్టి గీత కంటికి ఆనదు, అంతే. షాపులో చేసే పాలిష్ కూడా అదే పని, కాకపోతే వాళ్లు శుభ్రంగా కడిగి, కాంపౌండ్‌తో (కారు పెయింట్ కోసమే చేసిన పాలిష్ ముద్ద), ఎక్కడ ఆపాలో తెలిసి చేస్తారు. ఇక కొబ్బరినూనె చేసిందల్లా గీతలోకి చేరి కాసేపు మెరవడం.

గీతకి అడ్డంగా గోరు లాగి చూడండి. పట్టకపోతే కాంపౌండ్‌తో పోవచ్చు. పట్టిందా, ఇంటిల్లిపాదీ ఉగాది దాకా తోమినా పోదు. కారు మీద స్టిక్కర్‌లో కలర్ కోడ్ ఉంటుంది, అది చెప్పి టచప్ సీసా తెచ్చుకుని సన్న బ్రష్‌తో నింపుకోవాలి. రేకు బయటపడితే మాత్రం వాయిదా వద్దు, తుప్పు పట్టించడానికి అంతర్వేది వైపు ఉప్పుగాలి ముహూర్తం చూసుకోదు.

ఇదంతా నవ్వుకోడానికి బాగానే ఉంది. ఈ అల్లుడుగారే దాళ్వా (రెండో పంట వరి) కోతలప్పుడు పెళ్లికని మళ్లీ వస్తారు. రోడ్డుకి ఓ పక్కన ధాన్యం ఆరబోసి, అంచున రాళ్లు పెట్టి ఉంటాయి. కారు అటు పక్కకి ఒరిగిస్తారు, తుమ్మకొమ్మ గీస్తుంది. దిగి, తండ్రి వయసున్న రైతుని పట్టుకుని "రోడ్డు మీ బాబుదా?" అని అరుస్తారు.

ఆయనేమన్నా సరదాకి పోశాడా? తేమ 17 శాతం దాటితే కొనుగోలు కేంద్రంలో ధాన్యం తీసుకోరు. ఆరబెట్టుకోడానికి కల్లం ఏది? ఊరిచుట్టూ రొయ్యల చెరువులాయె. అద్దె టార్పాలిన్లు, అప్పు తెచ్చిన పెట్టుబడి, నెత్తిన మబ్బు. ఒక్క వాన పడితే గింజ మొలకెత్తిపోతుందని రాత్రంతా రోడ్డు మీదే పడుకున్న మనిషాయన. నీ డోరు మీద వెంట్రుకంత గీత పడింది. ఎవడయ్యా ఎవడి మీద అరవాల్సింది? ఆ కల్లాలు కట్టించాల్సినవాళ్లని అడిగే దమ్ముందా నీకు? ఓట్లకి వచ్చినప్పుడు వాళ్ల కారు పక్కన నిలబడి సెల్ఫీ దిగావుగా!

రైతు ఏమీ అనడు. "తప్పయిందండి బాబూ" అని రాళ్లు జరుపుతాడు, జరపాల్సిన పని లేకపోయినా. కారాయన అద్దం ఎక్కించుకుని, గీతవైపే చూసుకుంటూ, ఓ చక్రం ధాన్యం మీంచి పోనిచ్చి వెళ్లిపోతాడు. ఆ చక్రం కింద నూకైపోయిన గింజలకి ఏ పేస్టు రాయాలో బావమరిది దగ్గర వీడియో ఏదైనా ఉంటే పంపమనండి.