గెత్సేమనేలో రెండో ప్రార్థన చూడండి
దేవుని చిత్తం కోరి చేసే ప్రార్థన గురించిన మీ వ్యాసంలో, చివర ‘నీ చిత్తమైతే’ అని కలిపితే చాలని రాశారు. చాలదండి. సిలువకు ముందురాత్రి గెత్సేమనే తోటలో యేసు చేసిన ప్రార్థనలు, మత్తయి సువార్త 26లో 39, 42 వచనాలు, పక్కపక్కన పెట్టి చదవండి. మొదటిసారి ‘సాధ్యమైతే’ ఈ గిన్నె, అంటే రాబోయే శ్రమ, తొలగిపోనిమ్మన్న యేసే, రెండోసారి దాన్ని ‘త్రాగితేనే గాని’ తొలగిపోవడం ‘సాధ్యము కానియెడల’ నీ చిత్తమే సిద్ధించుగాక అన్నారు. కోరిక దాచకుండానే అంగీకారానికి వచ్చారు. హన్మకొండ, కాజీపేట ఉపవాస కూడికల్లో తప్పేది ఇక్కడే: సంబంధమో ఉద్యోగమో ముందే ఖాయం చేసుకొని, ఆమోదముద్ర కోసం మోకరిస్తాం. పైగా దేవుని జవాబు తెలుసుకోవాలని కొందరు చీటీలు వేస్తారు! యూదా స్థానంలో మత్తీయను ఎన్నుకోవడానికి చీట్లు వేసిన అపొస్తలుల కార్యములు 1:26 తర్వాత, పెంతెకొస్తు (పరిశుద్ధాత్మ దిగివచ్చిన రోజు) వచ్చాక, శిష్యులు చీట్లు వేసినట్టు ఎక్కడా లేదు. కోరిక ఒక్క వాక్యంలో చెప్పి, ‘వద్దంటే మానేస్తా’ అని నోరారా అనగలమో లేదో చూసుకోవాలి. నోరు రాకపోతే ముందు దానికోసమే ప్రార్థించాలి, సంబంధం సంగతి తర్వాత.