డోర్నకల్ గుడి కట్టింది ఏ దొరా కాదండీ

రైలు దిగి గంట కాలేదు. కాళ్లు కూడా కడుక్కోలేదు. ముందు ఇది రాస్తే గానీ నాకు అన్నం సహించదు.

డోర్నకల్ జంక్షన్‌లో బండి ఆగింది. ఎదురు సీటు పెద్దాయన పేపరు మడిచి, "ఏముందని ఈ ఊళ్లో ఆపుతారో" అని విసుక్కున్నారు. నేను ఊరుకోవచ్చు కదా! ఊరుకోలేదు. పోయిన నెల పెళ్లికి వెళ్లినప్పుడు తీసిన ఎపిఫనీ కెథెడ్రల్ ఫొటో ఫోనులో చూపించాను. ఆయన కళ్లజోడు పైకి తోసి, "మసీదా?" అన్నారు. చర్చి అన్నాను. "అదేలెండి, దొరలు కట్టి పోయి ఉంటారు. వాళ్ల బిషప్పులకేం, డబ్బుకు కొదవా" అని మళ్లీ పేపరు విప్పారు. చర్చ ముగిసినట్టే.

దొరలట. ఆ గుమ్మటాలు, ఆ మినార్లు, లోపల గుడి మండపంలో నిలబెట్టినట్టుండే ఆ రాతి స్తంభాలు చూశాక కూడా దొరలేనట! ఏ దొర కడతాడండీ అలా? దొర కట్టింది చూడాలంటే మెదక్ వెళ్లండి. పోస్నెట్ గారు కట్టించారు, 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ. బ్రహ్మాండంగా ఉంటుంది, కాదనను. కానీ ఆయన వెస్లియన్ మెథడిస్టు, అదో వేరే ప్రొటెస్టెంటు సంఘం. అప్పటికి ఆ సంఘంలో బిషప్పు అన్న పదవే లేదు. 1947లో అందరూ కలిసి సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) అయ్యాకే మెదక్‌కు బిషప్పు వచ్చారు. అయినా ప్రతి క్రిస్మస్‌కూ టీవీలన్నీ అక్కడే వాలతాయి. డోర్నకల్‌కు మాత్రం రైళ్లు తప్ప ఎవరూ రారు.

అసలు ఆంగ్లికన్ బిషప్పు, అదే ఇంగ్లండు రాజుగారి చర్చి పెద్ద, అంటే ఈ దేశంలో ఎవరో తెలుసా? సర్కారు మనిషి. 1814లో కలకత్తాకు మొదటి బిషప్పును వేశారు. దేశమంతా ఆయన కిందే. కొన్నాళ్లు ఆస్ట్రేలియా కూడా కలకత్తా బిషప్పు కిందే ఉండేది, నవ్వకండి. 1835లో మద్రాసుకు వేరే బిషప్పు వచ్చారు. రాజుగారి పత్రంతో నియామకం, ఈస్టిండియా కుంఫిణీ ఖజానా నుంచి జీతం. మచిలీపట్నంలో 1841 నుంచీ మిషనరీలున్నారు, తెలుగు సంఘాలు పెరుగుతున్నాయి. కానీ బిషప్పు గద్దె మీద నల్ల మనిషి కూర్చోవడమన్న మాటే లేదు. దాదాపు వందేళ్లు!

ఆ గద్దె ఎక్కిన మొదటి భారతీయుడు డోర్నకల్ బిషప్పు, ఈ గుడి కట్టించినాయనే. వేదనాయగం శామ్యూల్ అజరయ్య. 1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్స్ కెథెడ్రల్‌లో అభిషేకం. అప్పటికి 38 ఏళ్లు. రెండేళ్ల ముందే ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీలంతా కూర్చున్న సభలో లేచి నిలబడి, మీరు మాకు ఆస్తులిచ్చారు, ప్రాణాలిచ్చారు, ఇక మాకు స్నేహితులను ఇవ్వండి అని ముఖం మీదే అడిగిన మనిషి. తెల్లవాళ్లు చిన్నబుచ్చుకున్నారట. చిన్నబుచ్చుకోరూ మరి!

మద్రాసు బిషప్పు వైట్‌హెడ్ గారు పట్టుబట్టి ఈయన్ను నిలబెట్టారు. ఆయన తెల్లవాడే, మంచిని మంచి అనాలి కదా. నిజాం రాజ్యంలో డోర్నకల్ చుట్టూ చిన్న ముక్క కోసి అజరయ్య చేతిలో పెట్టారు. తెల్ల మిషనరీలను ఒక నల్ల బిషప్పు కింద పనిచేయమంటే ఒప్పుకోరని అప్పట్లో గొడవ. తర్వాత 1920ల మొదట్లో కృష్ణా, నంద్యాల వైపు తెలుగు సంఘాలను కూడా కలిపారు, పెద్ద డయోసిస్ (ఒక బిషప్పు కింద ఉండే ప్రాంతం) అయింది. ఎడ్లబండి మీద, సైకిలు మీద ఊరూరూ తిరిగేవారు. మాల మాదిగలు ఒకే పంక్తిలో కూర్చుని తినాలనేవారు. 1945 జనవరి 1న డోర్నకల్‌లోనే కన్నుమూశారు. ఆ 32 ఏళ్లలో ఇంత పెద్ద దేశంలో ఒక డయోసిస్‌కు పూర్తి అధికారమున్న ఆంగ్లికన్ బిషప్పుగా ఇంకో భారతీయుణ్ణి కూర్చోబెట్టలేదు. ఒక్కణ్ణంటే ఒక్కణ్ణి. మనకు మాత్రం బిషప్పు అనగానే దొర!

మా అమ్మమ్మ చెప్పేది. అజరయ్యగారు బాప్తిస్మమిచ్చేటప్పుడు వాళ్ల చేత నెత్తిమీద చెయ్యి పెట్టించి, "సువార్త చెప్పకపోతే నాకు శ్రమ", అంటే నాకు కీడు, అనిపించేవారట. అమ్మమ్మ చదువు రాని మనిషి, తొంభై ఏళ్ల దాకా ఆ ఒక్క వాక్యం మరిచిపోలేదు. ఆమె చేతి గాజులు గుర్తొస్తాయి నాకు, చెయ్యి నెత్తికి తీసుకెళ్లి చూపించేటప్పుడు మోచేతి దాకా జారిపోయేవి.

ఇదంతా ఆ పెద్దాయనకు చెప్పాను. బండి మహబూబాబాద్ దాటేదాకా చెప్పాను. అంతా విని ఆయన ఏమన్నారో తెలుసా? "ఏ ఊరన్నారు ఆయనది? తిరునెల్వేలా? అంటే అరవాయనా! మరి మనవాడెలా అవుతాడండీ?"

నాకు నోట మాట రాలేదు. ఆయన తెల్లవాడు కావాలి, కాకపోతే అరవవాడు కావాలి. ఎటు తిప్పినా మనవాడు మాత్రం కాకూడదు. తెలుగు నేర్చుకుని, తెలుగువాళ్ల మధ్య బతికి, ఆ మట్టిలోనే పూడ్చబడిన మనిషి!

సరే, ఆ పెద్దాయనెవరో, రైలు దిగిపోయాడు. మనవాళ్ల సంగతేమిటి? ఆనాడు అజరయ్యకు బిషప్పు పదవి వద్దని అడ్డుపడ్డ వాళ్లలో దేశీయ క్రైస్తవులూ ఉన్నారు. జీవితమంతా ఆయన సంఘాల ఐక్యత కోసం తిరిగారు. తీరా 1947 సెప్టెంబరు 27న సీఎస్ఐ పుట్టేసరికి ఆయన లేరు, ఆయన డయోసిస్‌లోని నంద్యాల వాళ్లేమో మేం రామని భీష్మించుకు కూర్చున్నారు. 1970ల దాకా ఆ పంతం వదల్లేదు. పంతాల్లో మనల్ని మించినవాళ్లు లేరు.

మా సంఘం కమిటీని చూడండి. మా ఊళ్లో పాత పెంకుటి గుడి ఉండేది. నాలుగు రాతి స్తంభాలు, చుట్టూ వరండా, చెప్పులు బయట విడిచి చాపల మీద కూర్చునేవాళ్లం. డోర్నకల్‌ను చూసి వచ్చిన మేస్త్రీలే కట్టారని పెద్దలు అనేవారు. ఆరేళ్ల క్రితం కూలగొట్టారు. మీటింగులో నేనొక్కదాన్నే వద్దన్నాను. "టీచరుగారూ, ఇది గుడిలా ఉందండీ, చర్చిలా లేదు. కొంచెం ఫారిన్‌లా ఉంటే నలుగురూ వస్తారు" అన్నారు. ఇప్పుడు మొనదేలిన కిటికీలు, రంగు అద్దాలు, లోపల ఏసీ. ఎండాకాలం కరెంటు పోతే ప్రసంగం సగంలోనే జనం బయటికి. కీర్తనలు పోయాయి, కీబోర్డు వచ్చింది. దారిన పోయేవాళ్లు చూసి, "దొరల కాలం నాటిదా" అని అడుగుతున్నారు! మావాళ్లు మురిసిపోతున్నారు.

ఆ రాతి స్తంభాలు ఏమయ్యాయో అడగండి. మూడింటి జాడ లేదు. నాలుగోది కమిటీ పెద్ద ఒకాయన దొడ్లో, బోరు పక్కన పడుకోబెట్టి ఉంది. మొన్న ఆదివారం వాళ్లింటికి వెళ్తే పనమ్మాయి దాని మీదే దుప్పట్లు ఉతుకుతోంది. సబ్బు నురగ కింద చెక్కిన తామర రేకులు కనిపిస్తూనే ఉన్నాయి.