సవరణ: డోర్ జారితే సర్దాల్సింది స్ట్రైకర్‌ని కాదు

పాత కార్ల డోర్ గ్యాప్ (డోర్‌కీ పక్కనున్న బాడీ రేకులకీ మధ్య సందు) గురించి ఇంతకుముందు రాసినదాంట్లో, డోర్ వెనక అంచు కిందికి జారితే స్ట్రైకర్‌ని, అంటే డోర్ లాచ్ (గొళ్లెం) వచ్చి పట్టుకునే బాడీ మీది కొక్కేన్ని, కాస్త పైకి జరిపితే చాలన్నాను. అది తప్పు, పొరపాటు నాదే. స్ట్రైకర్ పని మూసిన డోర్‌ని పట్టి ఉంచడం, ఎత్తడం కాదు. పైకి జరిపితే మూసినప్పుడు గ్యాప్ బాగానే కనిపిస్తుంది కానీ, తెరవగానే డోర్ మళ్లీ జారుతుంది, మూసిన ప్రతిసారీ టక్కుమని ఎగిరి కూర్చుంటుంది, లాచ్ అరుగుతుంది.

రిపేర్ మాన్యువల్స్‌లో ఉన్నదీ, బాడీ పని చేసేవాళ్లు చెప్పేదీ ఒకటే: కారు బరువు నాలుగు చక్రాల మీద ఉండగా స్ట్రైకర్ విప్పేసి, హింజ్‌ల (డోర్ బందుల) దగ్గరే డోర్‌ని సర్దాలి. అంతకన్నా ముందు డోర్ తెరిచి వెనక అంచుని పైకెత్తి చూడండి, లొడలొడమంటే హింజ్ పిన్నులు గానీ, వాటి చుట్టూ ఉండే బుష్‌లు గానీ అరిగినట్టే, అవి మార్చకుండా ఎంత సర్దినా దండగ. వెనక క్వార్టర్ ప్యానెల్ (వెనక చక్రం పైనుండే బాడీ రేకు) సాధారణంగా వెల్డింగ్ చేసి ఉంటుంది, కదలదు, కాబట్టి గ్యాప్ దానికి కలుపుకోవాలి. బోల్టులతో బిగించి ఉండే ముందు ఫెండర్ (ముందు చక్రం పైనుండే రేకు) సర్దడం ఆ తర్వాత. స్ట్రైకర్ ఆఖర్న.

అన్నట్టు, ఇంతకుముందు రాసినదాంట్లో 4 మిల్లీమీటర్ల గ్యాప్ అన్నది అన్ని కార్లకీ లెక్క కాదు, మీ మోడల్ మాన్యువల్‌లో ఉన్నదే చూసుకోండి.