గది ఎత్తు కూడా కథలో భాగమే

ఈమధ్య వెబ్ పత్రికల్లో కథలు వరసగా చదువుతుంటే ఒక లోటు బాగా కనిపిస్తోంది. ఇద్దరు మనుషులు రెండు పేజీల పాటు మాట్లాడుకుంటారు. నిలబడి ఉన్నారో, కూర్చుని ఉన్నారో తెలియదు. ఆ గదికి కిటికీ ఉందో లేదో తెలియదు. మాటలు బాగానే ఉంటాయి, వాళ్ళ బాధా నిజమే. కానీ ఆ ఇద్దరినీ తీసుకెళ్ళి ఇంకో ఇంట్లో కూర్చోబెట్టినా కథలో ఒక్క వాక్యం మార్చక్కర్లేదు. నాకు వెలితిగా అనిపించేది అదే.

స్థలం అంటే వర్ణన అనుకోవడం దగ్గరే తేడా వస్తోందని నా అభిప్రాయం. మొదట నాలుగు వాక్యాలు చెట్టూ చేమా గురించి రాసేసి, తర్వాత అసలు విషయంలోకి వెళ్తాం. ఆ నాలుగూ పాఠకుడు ఎలాగూ దాటేస్తాడు, ఎందుకంటే అవి కథలో ఎవరినీ ఏమీ చెయ్యవు. స్థలం పని చేసేది మనిషి ఒంటి మీద. ఎంత దూరం నడవాలి, గుమ్మం దగ్గర తల వంచాలా, పక్కగదిలోకి మాట వినిపిస్తుందా అన్నవి రోజూ ఒంటికి తగిలి తగిలి చివరికి స్వభావంలోకి దిగుతాయి.

1866లో వచ్చిన దోస్తోయెవ్‌స్కీ రష్యన్ నవల ‘నేరము-శిక్ష’లో, ఒక ముసలమ్మని హత్య చేసే పేద విద్యార్థి రాస్కోల్నికోవ్ గదిని చూడండి. పొడవు ఆరు అంగలు. పొడుగ్గా ఉన్న మనిషికి నెత్తి తగులుతుందేమో అనిపించేంత కిందికి పైకప్పు. గోడలకి దుమ్ము పట్టిన పసుపుపచ్చ కాగితం. తలుపు గడియ తియ్యాలంటే పక్క మీంచి లేవక్కర్లేదు, కొంచెం ముందుకి వంగితే చాలు. నాకు ఈ గడియ దగ్గరే ఆగాలనిపిస్తుంది. లేవకుండా తలుపు తియ్యగలిగిన మనిషికి లేవాల్సిన అవసరం ఏముంది? రోజులకి రోజులు అలాగే పడుకుని ఆలోచిస్తాడు. ఆ ఆలోచన పక్కకి పోవడానికి గదిలో చోటు లేదు. ఊరి నుంచి వచ్చిన తల్లి ఆ గది చూసి, నీ దిగులులో సగం ఈ గది వల్లే అంటుంది. అక్కణ్ణుంచి అతను చంపబోయే వడ్డీ వ్యాపారి ముసలమ్మ ఇంటికి సరిగ్గా 730 అంగలు. అతను లెక్కపెట్టుకుని ఉంచుకున్నాడు. హత్య గురించిన ఊహ అప్పటికే కాళ్ళలోకి వచ్చేసిందని చెప్పడానికి ఆ అంకె ఒక్కటి చాలు.

అలాగని ఇరుకు గది హంతకుణ్ణి తయారుచేస్తుందని సూత్రం కట్టడానికి లేదు. అదే నవలలో, ఇంటివాళ్ళ కోసం ఒళ్ళు అమ్ముకునే సోన్యా గదీ బాగోదు. గోడ ఏటవాలుగా కట్టడంతో ఒక మూల మరీ సూదిగా ఉండి చీకట్లో కలిసిపోతుంది. పైకప్పూ కిందికే. కానీ ఆమె హంతకురాలు కాలేదు, జాలిగల మనిషిగా తయారైంది. చోటు మనిషిని ఒక పక్కకి నెడుతుంది. ఆ మనిషి ఎంతవరకు నెట్టించుకుంటాడన్నది రచయిత చూసి చెప్పాలి. పరిసరాలే సర్వం అని రాసిన నవలల్లో మనుషులు బొమ్మల్లా అయిపోవడం నేను చాలాసార్లు చూశాను.

వాతావరణాన్ని మనసుకి అద్దంలా వాడుకోవడం మరో చిక్కు. ఆమెకి ఏడుపొస్తే వాన పడుతుంది. ప్రకృతికి మనిషి భావాలు అంటగట్టే ఈ అలవాటుని ఇంగ్లీషు విమర్శకుడు రస్కిన్ 1856లోనే తప్పుపట్టాడు. వాన పడితే ఆమె ఆరేసిన బట్టలు తడవాలి, రావాల్సినవాడు ఆలస్యంగా రావాలి. అలా ఏదైనా జరిగితేనే ఆ వాన కథలోకి వచ్చినట్టు.

చోటు మనిషి మీద పని చేస్తుందన్న సంగతి ప్రాచీన తమిళ కవులకి ఎంత స్పష్టంగా తెలుసో, పాత తమిళ వ్యాకరణ గ్రంథం తొల్కాప్పియంలోని తిణై విభజన (నేలనీ ప్రేమ స్థితినీ జతచేసే పద్ధతి) చూస్తే ఆశ్చర్యమేస్తుంది. కొండ, అడవి, పంటపొలం, సముద్రతీరం, ఎండిన బీడు అని ఐదు రకాల నేలలు. ఒక్కో నేలకి ప్రేమలో ఒక్కో స్థితి. కొండకి కలయిక, అడవికి ఓపికగా ఎదురుచూడటం, పొలానికి అలక, తీరానికి బెంగ, బీడుకి ఎడబాటు. పైపైన చూస్తే ఇదీ అలంకారంలాగే ఉంటుంది. కానీ కొండ మీద అమ్మాయి కొర్రచేలో చిలకల్ని తోలుతూ ఇంటికి దూరంగా ఉంటుంది, కలుసుకోవడానికి వీలు అక్కడ దొరుకుతుంది. నేల వల్ల పని, పని వల్ల ఏకాంతం, ఏకాంతం వల్ల కలయిక. స్థలాన్నీ కాలాన్నీ కలిపి వాళ్ళు ‘ముదల్’ అన్నారు. మొదటిది అని అర్థం.

ఇలా రాయాలంటే వెళ్ళి చూడాలి. గని కార్మికుల గురించిన ‘జెర్మినల్’ నవల కోసం ఫ్రెంచి రచయిత జోలా 1884లో ఉత్తర ఫ్రాన్స్‌లోని అంజాన్‌కి, గని కార్మికుల సమ్మె జరుగుతుండగా వెళ్ళాడు. గనిలోకి దిగాడు, నోట్సు రాసుకున్నాడు. మరుసటి ఏడాది వచ్చిన ఆ నవల మొదట్లోనే ఒక ముసలి కార్మికుడు కనిపిస్తాడు. గనిలోకి దిగడం మానేసి ఐదేళ్ళయినా ఉమ్మితే నల్లగానే పడుతుంది. గని గురించి పది పేజీల వర్ణన చెయ్యలేని పని ఆ ఉమ్మి చేస్తుంది.

గని దాకా వెళ్ళక్కర్లేదు కూడా. రైలు పట్టాల పక్కన ఒక ఇల్లు ఊహించండి. ఆ ఇంట్లోవాళ్ళు రైలు వస్తుంటే వాక్యం మధ్యలో ఆపేస్తారు, వెళ్ళిపోగానే ఆపిన మాట నుంచే అందుకుంటారు. చుట్టంగా వచ్చినవాడికి ఆ అలవాటు ఉండదు కాబట్టి అరుస్తాడు, సగం ఎవరికీ వినిపించదు. ఒక రాత్రి పెళ్ళి విషయం మాట్లాడుతూ కూతురు ‘నాకు ఇష్టం’ అని ఆగుతుంది. రైలు వస్తుంది. ఆ నిమిషం సేపు తండ్రి ఆమె మొహం చూస్తూ కూర్చోవాలి. ‘లేదు’ అన్న మాట వచ్చేసరికి ఆయనకి సంగతి తెలిసిపోయి ఉంటుంది.

కొన్నేళ్ళకి వాళ్ళు ఆ ఇల్లు ఖాళీ చేసి, చీమ చిటుక్కుమన్నా వినిపించే ఒక అపార్ట్‌మెంట్‌కి మారతారు. గొంతు తగ్గించడం మాత్రం ఎవరికీ చేతకాదు. రాత్రి భోజనాల దగ్గర వాళ్ళు మామూలుగా మాట్లాడుకుంటుంటే, గోడ అవతలివాళ్ళు ఏదో గొడవ జరుగుతోందనుకుని టీవీ సౌండ్ తగ్గించి వింటారు.