ఇంటి కంప్యూటరు ఎవరితో మాట్లాడాలి?

ఇంటర్ ఫలితాలు వెలువడిన రోజున మార్కుల మెమో కోసం వెతుకుతూ ఏదో ఒక సైటు తెరిచిన విద్యార్థికి, 'డౌన్‌లోడ్' అని రాసి ఉన్న పచ్చటి బటన్లు మూడు నాలుగు కనిపించడం మామూలే. వాటిలో అసలైనది మహా అయితే ఒకటి, మిగిలినవన్నీ ప్రకటనలే. ఒకదాన్ని నొక్కితే బ్రౌజరులో అడగని టూల్‌బార్ వచ్చి కూర్చుంటుంది, ఇంకొకటి నోటిఫికేషన్లకు అనుమతి అడుగుతుంది, అనుమతి దొరికాక 'మీ కంప్యూటరుకు వైరస్ సోకింది' అంటూ తెర మూలన బూటకపు హెచ్చరికలు మొదలవుతాయి. పిల్లలు ఏదేదో నొక్కి పాడుచేశారని మందలించడం మన ఇళ్లలో అలవాటు. అసలు ఆ బటన్ తెర మీదికే రాకుండా ఆపడం పెద్దల బాధ్యత అని, అది పైసా ఖర్చు లేకుండా సాధ్యమని నేను నమ్ముతున్నాను.

వెబ్ పేజీ అంతా ఒకే చోటి నుంచి రాదు. వార్త ఒక సర్వరు నుంచి, ప్రకటన వేరొక సర్వరు నుంచి, మనం ఏం చదివామో నమోదు చేసుకునే కోడ్ మరో సర్వరు నుంచి వస్తాయి. వాటిలో దేన్ని చేరాలన్నా కంప్యూటరు ముందుగా దాని పేరుకు సరిపడే అంకెల చిరునామా తెలుసుకోవాలి. ఈ పని ఇప్పుడు డీఎన్ఎస్ (పేరు చెబితే చిరునామా చెప్పే ఇంటర్నెట్ వ్యవస్థ) చేస్తోంది. 1983లో పాల్ మొకపెట్రిస్ దాన్ని రూపొందించడానికి ముందు, ఇంటర్నెట్‌కు పూర్వరూపమైన అర్పానెట్‌లోని కంప్యూటర్ల పేర్లూ చిరునామాలూ ఒకే జాబితాలో ఉండేవి. కాలిఫోర్నియాలోని ఎస్ఆర్ఐ సంస్థ నిర్వహించిన ఆ జాబితాను అందరూ దించుకుని వాడుకునేవారు. ఆ ఏర్పాటు పోయినా, అలాంటి జాబితాను మన కంప్యూటరులోనే రాసుకునే 'హోస్ట్స్' ఫైలు మాత్రం నిలిచింది. విండోస్‌లో అది సి డ్రైవులోని విండోస్, సిస్టమ్32, డ్రైవర్స్, ఈటీసీ ఫోల్డర్లు దాటి వెళ్తే కనిపిస్తుంది. సాధారణంగా కంప్యూటరు డీఎన్ఎస్‌ను అడగబోయే ముందు ఈ ఫైలునే చూస్తుంది.

అందులో 0.0.0.0 అని, అంటే ఎక్కడికీ చేర్చని చిరునామా రాసి, ఒక ఖాళీ వదిలి, ప్రకటన సర్వరు పేరు చేరిస్తే చాలు, ఆ పేరుతో చేసే ప్రయత్నం అక్కడికక్కడే ఆగిపోతుంది. నోట్‌ప్యాడ్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరవకపోతే విండోస్ ఈ మార్పును సేవ్ చేయనివ్వదు. సేవ్ చేసేటప్పుడు పేరు చివర 'టీఎక్స్‌టీ' చేరిందంటే మన శ్రమ వృథా. పేర్లన్నీ మనమే వెతికి రాసుకోనక్కర్లేదు. స్వచ్ఛంద కార్యకర్తలు నిర్వహించే జాబితాలు ఉచితంగా దొరుకుతాయి. అయితే ఇంటి తాళం అప్పగించినంత జాగ్రత్తగా జాబితాను ఎంచుకోవాలి, ఎందుకంటే ఇదే ఫైలులోకి చొరబడి యాంటీవైరస్ సైట్లను మూసేసే మాల్‌వేర్ (హానికర సాఫ్ట్‌వేర్) చాలా కాలంగా ఉంది. అందుకే విండోస్‌తోపాటే వచ్చే యాంటీవైరస్ అయిన విండోస్ డిఫెండర్ ఈ ఫైలు మీద కన్నేసి ఉంచుతుంది. మైక్రోసాఫ్ట్ సమాచార సేకరణ సర్వర్ల పేర్లను ఇందులో చేర్చి అడ్డుకున్నా 2020 నుంచి దాన్ని ముప్పుగానే చూపిస్తోంది. రక్షణ పేరిట యజమాని నిర్ణయాన్ని తప్పుపట్టే ఈ పద్ధతిని నేను సమర్థించలేను.

ఈ ఫైలుకు పరిమితులు ఉన్నాయి. ప్రతి పేరునూ పూర్తిగా రాయాల్సిందే, ఒక్క వరుసతో ఒకే సైటు కింద ఉండే పేర్లన్నిటినీ ఆపలేం. యూట్యూబ్ ప్రకటనలు వీడియో వచ్చే చోటి నుంచే వస్తాయి కాబట్టి వాటి ముందు ఇది నిస్సహాయం. ఇప్పటికే లోపల తిష్ఠ వేసిన స్పైవేర్‌ను (దొంగచాటుగా నిఘా పెట్టే సాఫ్ట్‌వేర్‌ను) ఇది తొలగించదు. అందుకు కేంద్ర ప్రభుత్వం 2017లో ప్రారంభించిన సైబర్ స్వచ్ఛతా కేంద్రం ఉచిత సాధనాలు అందిస్తోంది. ఫోన్లు, టీవీ కూడా ఉన్న ఇంట్లో రౌటరులోనే వడపోత డీఎన్ఎస్, అంటే చెడ్డ సర్వర్ల చిరునామా చెప్పకుండా ఆపే డీఎన్ఎస్ పెట్టుకోవడం మేలు.

ప్రకటనలు ఆపితే ఉచితంగా వార్తలు ఇచ్చే సైట్లు ఎలా బతకాలన్నది న్యాయమైన ప్రశ్న. తెలుగు పోర్టళ్లలో చాలావాటికి ఆ ఆదాయమే ఆధారం. కానీ ఈ జాబితాలు ప్రధానంగా ఆపుతున్నది ఏమిటో గమనించాలి. సైటువారు తామే తెచ్చుకుని తమ సర్వరులో పెట్టుకున్న ప్రకటనను హోస్ట్స్ ఫైలు తాకదు. అది ఆపేది పేజీ తెరుచుకునేలోపే మన వివరాలు చూపి ప్రకటన చోటును వేలం వేసే బయటి వ్యవస్థను. ఆ వ్యవస్థలో ఎవరి ప్రకటన వస్తుందో చాలాసార్లు సైటు యజమానికే ముందుగా తెలియదు. 2016 మార్చిలో న్యూయార్క్ టైమ్స్, బీబీసీ వంటి సైట్లలోకి సైతం ప్రకటనల దారినే మాల్‌వేర్ వచ్చింది. 2022 డిసెంబరులో అమెరికా ఎఫ్‌బీఐ, సెర్చ్ ఫలితాల్లో పేరున్న సంస్థలను అనుకరించే మోసపు ప్రకటనల గురించి హెచ్చరిస్తూ, ప్రకటనలను అడ్డుకునే యాడ్ బ్లాకర్ వాడమని ప్రజలకు సూచించింది. పోలీసు సంస్థే ఈ మాట చెప్పాక దీన్ని ఇక పాఠకుడి పిసినారితనంగా చూడటం సరికాదు.

కాబట్టి పనిని విభజించుకోవడం సబబు. నిఘా, మోసపు సర్వర్లను హోస్ట్స్ ఫైలులోనో రౌటరులోనో శాశ్వతంగా మూసేయాలి. ప్రకటనల సంగతి యూబ్లాక్ ఆరిజిన్ వంటి ఎక్స్‌టెన్షన్‌కు (బ్రౌజరుకు జోడించుకునే చిన్న ప్రోగ్రామ్‌కు) వదలాలి. క్రోమ్ దాని పూర్తి రూపానికి తలుపు మూసింది గానీ ఫైర్‌ఫాక్స్‌లో అది ఇప్పటికీ పనిచేస్తోంది. హోస్ట్స్ ఫైలుకు సైటును బట్టి మినహాయింపు ఇవ్వడం తెలియదు, ఎక్స్‌టెన్షన్‌కు తెలుసు. రోజూ చదివే, నమ్మకమున్న పత్రిక పేజీలో ఎక్స్‌టెన్షన్ బటన్ ఒక్కసారి నొక్కితే ఆ సైటు వరకే వడపోత ఆగి, వారికి రావలసిన ప్రకటన ఆదాయం వారికి అందుతుంది.