బొమ్మ వేసేవాణ్ణి ఆఖర్న పిలిస్తే

మార్చి 9, 10 తేదీల్లోనూ అక్టోబరు 1, 2 తేదీల్లోనూ శ్రీకాకుళం పక్కన అరసవల్లి సూర్యదేవుడి గుడి దగ్గర తెల్లవారకముందే క్యూ ఎందుకు కడతారో ఉత్తరాంధ్రలో ఎవరికీ చెప్పక్కర్లేదు: ఉదయపు కిరణం గర్భగుడిలోకి వచ్చి స్వామి పాదాలు తాకే రోజులవి. చెప్పాల్సింది ఆ తేదీల లెక్క. ఆ నాలుగు రోజులూ సూర్యుడు ఖగోళ మధ్యరేఖకు (మన భూమధ్యరేఖకు సరిగ్గా పైన ఆకాశంలో ఊహించుకునే గీతకు) దక్షిణంగా సుమారు 4 డిగ్రీల్లో ఉంటాడు. మార్చిలో పైకొస్తూ, అక్టోబరులో కిందికి పోతూ అక్కడే తగులుతాడు. కాబట్టి మార్చి కిరణానికి దారి కుదిరితే అక్టోబరుది ఉచితం. కానీ ఆ రోజుల్లో ఉదయించే చోటు రోజుకు 0.4 డిగ్రీ జరుగుతుంది. పది మీటర్ల దూరానికి అది 7 సెంటీమీటర్లు. దారి బెత్తెడు పక్కకు పోతే తేదీ ఒక రోజు తప్పుతుంది. లెక్క తెలిసినవాడూ రాయి తెలిసినవాడూ పునాది నాడే పక్కపక్కన నిలబడాల్సిన పని ఇది. గుడి కట్టించాడని గంగవంశపు రాజు దేవేంద్రవర్మ పేరు చెబుతారు. స్థపతి పేరు ఎవరూ చెప్పరు.

కళాకారులు, శాస్త్రవేత్తల సహకారం పేరుతో ఇప్పుడు జరిగేది వేరు. పరిశోధనంతా అయిపోయి, సైన్స్ డే దగ్గరపడ్డాక గోడమీద గెలాక్సీ వెయ్యడానికి ఆర్టిస్టును పిలుస్తారు. శాలువా కప్పుతారు. దాన్ని సున్నం కొట్టించడం అంటారు.

కళ కలిస్తే నిజం పలచబడుతుందని కొందరి భయం. హబుల్ అంతరిక్ష టెలిస్కోపు 1995లో తీసిన ‘సృష్టి స్తంభాల’ (నక్షత్రాలు పుట్టే వాయు మేఘాల) ఫొటోలో రంగులు కంటికి కనిపించేవి కావన్నది నిజమే.

అయితే ఎందుకు మార్చారు? హైడ్రోజన్, గంధకం రెండింటి వెలుగూ ఎరుపే. ఉన్నదున్నట్టు వేస్తే కలిసిపోయి ఒకే ఎర్ర ముద్ద. గంధకానికి ఎరుపు, హైడ్రోజన్‌కు ఆకుపచ్చ, ఆక్సిజన్‌కు నీలం ఇచ్చాకే ఏది ఎక్కడుందో విడివడింది. రంగుల పొందిక తెలిసిన కన్ను లేకపోతే ఆ సమాచారం ఫిల్టర్ల వెనకే ఉండిపోయేది.

బొబ్బిలి వీణ దగ్గర ఈ వాదన ఇంకా గట్టిపడుతుంది. దానికి 24 మెట్లు, అంటే తీగను నొక్కి ఆనించే అడ్డపట్టీలు. లెక్క ప్రకారం మొదటి మెట్టు తీగ పొడవులో దాదాపు 18వ వంతు దగ్గర ఉండాలి. అచ్చం అక్కడే పెడితే అపస్వరం, ఎందుకంటే నొక్కినప్పుడు తీగ బిగిసి శ్రుతి పైకి పోతుంది. అందుకే మెట్లను మైనంలో కూర్చి, వింటూ వెంట్రుకవాసి జరుపుతారు. ఎండలకి మైనం మెత్తబడి మెట్టు కదిలిందా, పని మళ్లీ మొదలు. విశాఖలో పెరిగిన సి.వి.రామన్ 1921లో మన వీణల మీద రాస్తూ, మీటే చోటును బట్టి కొన్ని ఉపస్వరాలు (అసలు స్వరంతో పాటు మోగే పై స్వరాలు) పలకకూడదన్న సూత్రాన్ని వీణలో తీగ ఆనుకునే వంపు బ్రిడ్జి ఖాతరు చెయ్యదని చూపారు. వడ్రంగి చేతిలో జవాబు ముందే తయారైంది. భౌతికశాస్త్రానికి ప్రశ్న తర్వాత తట్టింది.

మరి మన ఇంటర్? ఎంపీసీలో చేరిన రోజే పెన్సిల్ అటకెక్కుతుంది. బైపీసీలో బొమ్మంటే రికార్డు బొమ్మ, అదీ చాలామంది డబ్బులిచ్చి వేయించుకునేదే. బొబ్బిలి కుర్రాడికి వీణలు చేసే ఊరు బస్సు దారిలో ఉంటుంది, సిలబస్‌లో ఉండదు.

ఒక ఎంపీసీ పిల్లనీ బొమ్మలేసే పిల్లాడినీ పక్కపక్కన కూర్చోబెట్టడానికి గ్రాంటు అక్కర్లేదు. తూర్పు కిటికీని అట్టతో మూసి సెంటీమీటరు కంత పెట్టండి. ఐదు మీటర్ల అవతలి గోడమీద సుమారు 6 సెంటీమీటర్ల సూర్యుడు పడతాడు. మచ్చ రోజూ ఒకే ఎత్తుకు దిగినప్పుడు సుద్దతో చుట్టూ గియ్యాలి. అరసవల్లి లెక్క గోడమీదే కనిపిస్తుంది. గడియారం చూసి గీస్తే వరస వంకరపోతుంది. కంత పెద్దదైతే అంచు చెదిరిపోతుంది. అక్టోబరులో మబ్బేస్తే మార్చి ఉంది.